ఒకే దొర, రెండు ఆనకట్టలు

(కాటన్ దొర జయంతి సందర్భంగా మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. మన సభల్లో ఇరవై నిమిషాలు ఒకే మనిషిని మాట్లాడనివ్వడం అరుదు. అందులోనూ డి.ఎ. బకాయిల గురించి కాకుండా వేరే సంగతి మాట్లాడమన్నారు. కాబట్టి ఈ అవకాశాన్ని వృథా చేయను.

నేను ఇంజనీరును కాను. 1971లో నీటిపారుదల శాఖలో ఎల్.డి.సి.గా చేరి, ముప్పై ఏడేళ్ళు ఫైళ్ళూ, ఎస్టిమేట్లూ, కొలతల పుస్తకాలూ చూసుకుని బయటపడ్డవాణ్ణి. అయితే ఉద్యోగరీత్యా నాకొక అదృష్టం దక్కింది. ధవళేశ్వరం వైపూ పనిచేశాను, కొన్నాళ్ళు బెజవాడ వైపూ పనిచేశాను. కనుక రెండు చోట్లా ఒక వాదన విన్నాను. మన గోదావరి వాళ్ళేమో "కాటన్ దొర అసలు ప్రతిభంతా ధవళేశ్వరంలోనే చూపించాడు, బెజవాడది దానికి నకలు" అంటారు. కృష్ణా వాళ్ళేమో "మీ దగ్గర నేర్చుకున్నాడు, మా దగ్గర సరిగ్గా కట్టాడు" అంటారు. వెటకారంలో మనకు సాటి వచ్చేవాళ్ళు లేరు గనుక నోటి వాదనలో ఎప్పుడూ మనమే గెలుస్తాం. ఈ రోజు నోటిని పక్కనబెట్టి లెక్కతో చూద్దాం.

ముందుగా మనిషి సంగతి. ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టాడు. పద్దెనిమిదేళ్ళకే, 1821లో, మద్రాసు చేరాడు. తంజావూరు వైపు కావేరి మీద పనిచేస్తూ, చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పే కల్లణైని శ్రద్ధగా పరిశీలించాడు. గట్టి రాతి పునాది దొరకని చోట, ఒట్టి ఇసుక మీద గోడ ఎలా నిలుస్తుందన్నది ఆయనకు అక్కడ బోధపడింది. 1836లో కొళ్ళిడం నది మీద ఆనకట్టలు కట్టి, ఆ పాఠాన్ని స్వయంగా పరీక్షించి చూసుకున్నాడు. అంటే మన రెండు ఆనకట్టలకూ తల్లి ఒక్కటే. ఆ తల్లి కట్టిన పేరు తెలియని మేస్త్రీలు మన దక్షిణ దేశపువాళ్ళే. ఈ మాట చెప్పుకోవడం వల్ల దొరగారి గొప్ప ఏమీ తగ్గదు.

ఇప్పుడు ఆ రోజుల్లో మన ప్రాంతం స్థితి చూడండి. 1832-33లో వచ్చిన కరువులో గుంటూరు సీమ సగం ఖాళీ అయింది. 1839లో ఉప్పెన కోరంగిని ముంచింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308. ఇరవై ఏళ్ళ తరువాత, 1841లో, 5,61,041. జనాభా పెరగవలసిన చోట లక్షా డెబ్బై ఏడు వేలు తగ్గింది. పక్కనే గోదావరి నిండుగా పారుతూ సముద్రంలో కలుస్తున్నది. అన్నపూర్ణ అని ఇవాళ మనం చెప్పుకునే జిల్లా సంగతి ఇది. గుమాస్తాగా నేను ఎన్నో అంకెలు కాపీ చేశాను గాని, ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు మాత్రం కలం ఆగింది.

ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. నడుమ 1848లో కాటన్ ఎండదెబ్బ తిని, ఆరోగ్యం చెడి, ఆస్ట్రేలియా వైపు సెలవు మీద వెళ్ళవలసి వచ్చింది. అప్పుడు పని చూసినవాడు కెప్టెన్ ఆర్. ఈ పేరు గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాడు. మన వీణెం వీరన్నగారిని కూడా మరువకూడదు. వేలమంది కూలీలను ఒక తాటి మీద నడిపించి, దొరకు కుడిభుజంగా నిలిచి, రాయ్‌బహద్దూర్ బిరుదు పొందిన మనవాడు.

ఇక పోలిక. మొదట స్థలం.

గోదావరి పాపికొండల నడుమ చాలా ఇరుకుగా వస్తుంది. ఇరుకు చోట కడితే గోడ పొట్టిగా సరిపోతుంది, ఖర్చు తగ్గుతుంది అని మనలాంటి వాళ్ళకు తోస్తుంది. కాటన్ అలా చేయలేదు. నది బాగా వెడల్పై, లోతు తగ్గి, లంకలుగా చీలిన ధవళేశ్వరం దగ్గర కట్టాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. నడుమ పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక. గోడ మొత్తం పొడవు సుమారు రెండుంపావు మైళ్ళు, ఎత్తు మాత్రం సుమారు 12 అడుగులే. పెద్ద శత్రువును ఒక్కసారి ఎదుర్కోవడం కంటె నాలుగుగా విడదీసి ఎదుర్కోవడం తేలిక అన్నమాట. రాయి కోసం ఎక్కడికో పోనక్కరలేకుండా ధవళేశ్వరం కొండే ఉంది. ఆ కొండ రాయిని నది ఒడ్డుకు చేర్చడానికి అక్కడ పట్టాలు వేయించాడు. మన దేశంలో పట్టాల మీద బండి నడిచిన తొలి చోట్లలో మన ధవళేశ్వరం ఒకటి. ప్రయాణికుల రైలు బొంబాయిలో 1853లో గాని కదలలేదు.

కృష్ణ దగ్గర సంగతి వేరు. బెజవాడలో ఒక పక్క ఇంద్రకీలాద్రి, రెండో పక్క సీతానగరం కొండ. నది ఆ రెండింటి నడుమ ఒకటే పాయగా, లోతుగా, వడిగా పోతుంది. వరదలో నీరు ముప్పై అడుగులకు పైన లేచే చోటు. అక్కడ ఆనకట్ట కట్టవచ్చునని కాటన్ కంటె ముందే కొందరు ఇంజనీర్లు సూచించారు. నమూనా కాటన్ పద్ధతిది. కట్టినవాడు, ధవళేశ్వరంలో పని నేర్చిన ఆ కెప్టెన్ ఆరే. 1852లో మొదలై 1855కి పూర్తయింది. పొడవు ముప్పాతిక మైలు లోపు. ఎత్తు సుమారు 20 అడుగులు. రెండు చివరలా కొండలే కాపలా కాస్తాయి గనుక గట్టు తెగి నది పక్కదారి పడుతుందన్న భయం లేదు. అయితే లోతు ఎక్కువ గనుక గోడ వెనుక వాలుగా పేర్చవలసిన రాయి చాలా ఎక్కువ.

చూశారా! ఒకే మనిషి, ఒకే సూత్రం. ఇసుకలో బావులు దించి, వాటి మీద గోడ లేపి, వెనుక రాతి వాలు పోయడం. అయినా ఒకచోట పొడవుగా, పొట్టిగా, నాలుగు ముక్కలుగా. రెండో చోట కురచగా, ఎత్తుగా, ఒకటే ముక్కగా. కాబట్టి నకలు అనే మాట మనవాళ్ళు మానుకోవాలి. ఒకే దర్జీ ఇద్దరు అన్నదమ్ములకు చొక్కాలు కుడితే ఒకదాని కొలత రెండోదానికి వాడడు గదా!

దీని మీద నేనొక చిన్న లెక్క వేశాను. గోదావరికి మన కాలంలో వచ్చిన పెద్ద వరద 1986 ఆగస్టుది. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు. కృష్ణకు బెజవాడలో పెద్ద వరద 2024 సెప్టెంబరుది. 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. గోదావరి వరద కృష్ణ వరదకు మూడింతలు. ఇప్పుడు రెండు బ్యారేజీల పొడవుతో భాగించండి. ధవళేశ్వరం బ్యారేజి సుమారు 3,600 మీటర్లు, ప్రకాశం బ్యారేజి సుమారు 1,223 మీటర్లు. మీటరుకు గోదావరి మీద పడే భారం సుమారు 970 క్యూసెక్కులు. కృష్ణ మీద సుమారు 935. దాదాపు సమానం! ఎంత పెద్ద నదికి అంత పొడవు గోడ. ఆ రోజుల్లో ఈ వరదల రికార్డులు లేవు. అయినా నదిని కళ్ళతో చూసి, గట్టు మీద గుర్రం మీద తిరిగి ఎంచుకున్న చోట్లు నూట డెబ్బై ఏళ్ళ తరువాత కూడా లెక్కకు నిలుస్తున్నాయి.

రెండవ పోలిక ఆయుష్షు. బెజవాడ ఆనకట్ట నూరేళ్ళు నిండే ముందే కొంత భాగం కొట్టుకుపోయింది.  పంట మీదున్న కృష్ణా డెల్టా గగ్గోలెత్తింది. తరువాత బ్యారేజి పని మొదలుపెట్టి 1957 కల్లా పూర్తి చేశారు. దానికి ఆంధ్రకేసరి పేరు పెట్టుకున్నాం. మన వైపు అంత ముప్పు రాకముందే మేలుకొన్నారు. పాత గోడ బలహీనపడిందని గుర్తించి 1970లో కొత్త బ్యారేజి మొదలుపెట్టారు. 1982కి పూర్తయింది. ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, వెరసి 175 గేట్లు. నేను ఉద్యోగంలో చేరిన తొలి పదేళ్ళూ ఈ పని కాగితాలే మోశాను గనుక ఈ కూడిక నిద్రలో అడిగినా చెబుతాను.

అంటే అసలు సంగతి గమనించారా? మనం ఎవరి గోడ గొప్పదని వాదించుకుంటున్నామో ఆ రెండు గోడలకూ ఇవాళ ఆ పని లేదు. ఒకదాని చోట 1957 నుంచి, రెండోదాని చోట 1982 నుంచి బ్యారేజీలే నీరు నిలుపుతున్నాయి. మరి కాటన్ దొర కట్టినదాంట్లో మనం ఈ రోజుకీ వాడుకుంటున్నది ఏమిటి?

కాల్వలు. నా ప్రసంగంలో ముఖ్యమైన మాట ఇదే.

నీరు పల్లమెరుగు అంటారు. డెల్టాలో మెరక ఎక్కడుంటుంది? ఏటిగట్టు వెంబడే ఉంటుంది. వరద ప్రతి ఏటా ఒండ్రు తెచ్చి గట్టు పక్కనే ఎక్కువ పోస్తుంది. అక్కడినుంచి నేల లోపలికి వాలుతుంది. కనుక డెల్టా తల దగ్గర నీటిని కొంచెం లేపి, ఆ మెరకల వీపు మీదుగా కాల్వ తీసుకుపోతే, ఆ కాల్వకు రెండు పక్కలా బోదెల్లోకి నీరు దానంతటదే దిగుతుంది. ఏ యంత్రమూ అక్కరలేదు. పల్లాల్లో చేరిన మురుగు కోళ్ళ ద్వారా సముద్రానికి పోతుంది. గోడ చేసే పని కేవలం ఆ పన్నెండు అడుగులో, ఇరవై అడుగులో నీటిని లేపి తలుపు దగ్గర నిలపడమే. గోడ తలుపు అయితే, ఇల్లు కాల్వలు.

ఈ విషయంలోనూ రెండు చోట్లా కొలతలు వేరు. గోదావరికి తలుపులు మూడు. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టా, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టా. మధ్య డెల్టా నీటిని నగరం సీమకు దాటించడానికి గన్నవరం దగ్గర నది పాయ మీదనే కాల్వను నడిపించారు. హేగ్ దొర కట్టించిన ఆ 49 ఖానాల అక్విడక్టు 2000 దాకా పనిచేసింది. దాని స్థానంలో వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టడం మనకెంతో తృప్తి. కృష్ణకు తలుపులు రెండే. బెజవాడ వైపు తూర్పు కాల్వ, సీతానగరం వైపు పశ్చిమ కాల్వ. తూర్పు కాల్వ ఊళ్ళోనే ఏలూరు కాల్వ, రైవస్ కాల్వ, బందరు కాల్వగా చీలుతుంది. గోదావరి కింద సుమారు పది లక్షల ఎకరాలు, కృష్ణ కింద సుమారు పదమూడు లక్షలు. చిన్న నది పెద్ద ఆయకట్టు, పెద్ద నది చిన్న ఆయకట్టు. కృష్ణా వాళ్ళకు నీటి ఎద్దడి, మనకు ముంపు. ఆ తేడా ఇక్కడే పుట్టింది.

ఈ రెండు ఇళ్ళ మధ్య గోడ లేదన్నది ఇంకొక విశేషం. బెజవాడ నుంచి వచ్చే ఏలూరు కాల్వా, విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే మన కాల్వా ఏలూరులో కలుస్తాయి. కాకినాడలో పడవెక్కినవాడు లాకుల వెంట బెజవాడ మీదుగా కొమ్మమూరు కాల్వలోకి, అక్కడినుంచి బకింగ్‌హాం కాల్వలోకి దిగి మద్రాసు చేరేవాడు. కాటన్ దొరకు రైలు కంటె పడవ మీదనే నమ్మకం. 2008లో కాకినాడ, పుదుచ్చేరి నడుమ ఇదే దారిని నాలుగవ జాతీయ జలమార్గమని ప్రకటించారు. ఇక రెండు డెల్టాల మురుగులోనూ కొంత భాగం చేరేది కొల్లేటికే. అక్కడినుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి. కాబట్టి ఉప్పుటేరు పూడితే గోదావరి వాడూ మునుగుతాడు, కృష్ణా వాడూ మునుగుతాడు. 2015 నుంచి పట్టిసీమ దగ్గర 24 పంపులతో గోదావరి నీటిని తోడి, పోలవరం కుడి కాల్వ గుండా, ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలుపుతున్నారు. కృష్ణా డెల్టా నారుమళ్ళు జూన్, జూలైలలో గోదావరి నీటితో తడుస్తున్నాయి. ఇక ఎవరిది గొప్ప అన్న వాదనకు చోటెక్కడుంది?

ఇంతవరకు పొగడ్త. ఇక మన బాధ.

ఏ ఆనకట్టా ఒక్క రోజులో కూలదు. బెజవాడ ఆనకట్ట సంగతి అలా ఉంచండి. నేను కాగితాల్లో చూసిన క్రమం చెబుతాను. ఒకప్పుడు వేసవిలో కాల్వలు కట్టేయగానే పూడికతీత, గట్ల మరమ్మతు, లాకు తలుపుల పని ఒకదాని వెంట ఒకటి జరిగేవి. ఎస్టిమేట్లు చలికాలంలోనే తయారయ్యేవి. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో రానురాను ఆ ఎస్టిమేట్లు ఏప్రిల్‌కు వచ్చేవి, మంజూరు మే నెలాఖరుకు వచ్చేది, జూన్‌లో నీళ్ళు వదిలేవాళ్ళు. పూడిక నీటి అడుగునే ఉండిపోయేది. బిల్లుల సంగతి నేను సభలో చెప్పను. లస్కరు రిటైరైతే ఆ ఖాళీ అలాగే ఉండేది. లస్కరు అంటే ఏమిటి? ఏ తూము ఎంత తీస్తే ఏ శివారుకు ఎన్ని రోజులకు నీరు చేరుతుందో తలలో పెట్టుకున్న మనిషి. ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ రాసి లేదు. అతను ఇంటికి పోతే లెక్క కూడా ఇంటికి పోయింది.

మురుగు సంగతి ఇంకా ముఖ్యం. నీరివ్వడం మీద ఉన్నంత శ్రద్ధ నీరు తీయడం మీద మొదటినుంచీ లేదు. డెల్టా రైతుల దగ్గర డ్రైనేజి సెస్సు వసూలు చేయడానికి 1968లో చట్టమే చేయవలసి వచ్చింది. ఆ డిమాండు, వసూలు, బకాయి పట్టికలు తయారుచేసినవాళ్ళు ఈ సభలో నలుగురైదుగురున్నారు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. కొన్ని చోట్ల మంచి పని జరిగింది, కొన్ని చోట్ల ఎన్నికలే జరిగాయి. ఆక్రమణలతో, గుర్రపుడెక్కతో, తూడుతో కోళ్ళు మూసుకుపోయాయి. చివరికి 2011 సార్వాలో కోనసీమ రైతు పంట విరామం ప్రకటించాడు. గిట్టుబాటు ధర లేకపోవడం ఒక కారణం. కూలీల ఖర్చు ఇంకొకటి. మురుగు కదలక చేను మునగడం మరొకటి. ఆలోచించండి. కరువులో జనం చచ్చిపోతున్నారని కట్టిన ఆనకట్ట కింద, నీళ్ళు పుష్కలంగా ఉండి, రైతు చేను బీడు పెట్టాడు. 1841 అంకె చూసి కలం ఆగిందన్నాను. 2011లో ఆ వార్త చదివినప్పుడు కూడా అదే అయింది.

కాబట్టి ఏ ఆనకట్ట గొప్పది అన్న ప్రశ్నకు నా సమాధానం చెబుతాను. చోటు ఎంచుకోవడంలో బెజవాడ సహజమైనది. కొండలు తామే చేతులు చాచాయి. తెగువలో ధవళేశ్వరం గొప్పది. అంత వెడల్పు నదిని, కొద్దిమంది సహాయంతో, తొలిసారి కట్టి చూపించారు. ధవళేశ్వరం లేకపోతే కెప్టెన్ ఆర్ లేడు. కెప్టెన్ ఆర్ లేకపోతే బెజవాడ లేదు. అయితే రెండింటికీ అసలు పరీక్ష తలుపు దగ్గర జరగదు. శివారులో జరుగుతుంది. చివరి బోదె చివరి ఎకరానికి నీరు వేళకు చేరి, మురుగు వేళకు పోతే ఆ ఆనకట్ట బతికి ఉన్నట్టు. లేకపోతే 175 గేట్లకూ ఎన్ని రంగులు వేసినా ఒకటే.

మనం పెన్షనర్లం. సంతకం పెట్టే అధికారం మన దగ్గర లేదు. అయినా మనం చేయదగ్గవి మూడున్నాయని సభ ముందు ఉంచుతున్నాను.

ఒకటి. మనలో పాత లస్కర్లు, వర్కు ఇన్‌స్పెక్టర్లు ఇంకా కొందరున్నారు. వారి దగ్గర కూర్చుని, ఏ కాల్వకు ఎన్ని రోజులకు శివారు తడుస్తుందో, ఎక్కడ గట్టు బలహీనమో రాసి పెట్టాలి. రాయడం మన వృత్తి. ఇంకొకరిని అడగనక్కరలేదు.

రెండు. ఎవరి ఇంట్లోనైనా పాత కాల్వల పటాల నకళ్ళు, కొలతల కాగితాలు ఉంటే అటకల మీద చెదలకు వదలకుండా ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంకు గాని, శాఖ కార్యాలయానికి గాని అప్పగించాలి.

మూడు. ఏటా వేసవిలో కాల్వలు కట్టేసే ముందే, ఏ పనులు మంజూరయ్యాయో, ఏవి కాలేదో మన సంఘం తరఫున ఒక అర్జీ పెట్టి అడగాలి. అర్జీ ఎలా రాస్తే జవాబు తప్పించుకోలేరో మనకంటె బాగా తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో ఎవరున్నారు? ముప్పై ఏళ్ళు ఆ జవాబులు రాసింది మనమే గదా!

మే 15న విగ్రహానికి దండ వేయడం మంచిదే. మన పురోహితులు గోదావరి స్నాన సంకల్పంలో ఆ దొరను తలచుకోవడం ఇంకా మంచిదే. ఆయన 1899లో పోయాడు. దండ పడిందో లేదో ఆయనకు తెలియదు. కాల్వలో నీరు పారిందో లేదో మన మనవలకు తెలుస్తుంది.

 ఇరవై నిమిషాలు దాటలేదనే అనుకుంటున్నాను. దాటితే అది ఎరియర్సు కింద సర్దుకోండి.

సెలవు.